చిలగడదుంప ముక్కలపై తేనె-కారం గ్లేజ్ మాడిపోతోంది, లోపల మాత్రం ఉడకడం లేదు

వేడిట్రే

చిలగడదుంపలు ఓవెన్‌లో కాల్చి తీపి-కారం గ్లేజ్ పట్టించాలని రెండుసార్లు చేస్తే రెండుసార్లూ ఒకే రకంగా చెడింది. కొలతలన్నీ ఇస్తున్నాను, తప్పు ఎక్కడుందో చెప్పండి.

దుంపలు 1 కిలో, తొక్క తీసి దాదాపు 4 సెం.మీ. ముక్కలుగా కోసినవి. కొన్ని చిన్నవి కూడా ఉన్నాయి. తేనె 4 టేబుల్ స్పూన్లు, నూనె 2 టేబుల్ స్పూన్లు, కారం 2 టీ స్పూన్లు, ఉప్పు 1 టీ స్పూను, ఒక నిమ్మకాయ రసం. అన్నీ గిన్నెలో కలిపి, ముక్కలకు పట్టించి, ఫాయిల్ పరిచిన ట్రేలో పోశాను. ట్రే కొలత 28 × 20 సెం.మీ. ముందే వేడి చేసిన ఓవెన్‌లో 220 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచాను.

పావుగంటకే ట్రే అంచుల్లో తేనె నల్లబడింది, 25 నిమిషాలకు పొగ మొదలైంది. చివర్లో చూస్తే చిన్న ముక్కలు ముద్దయిపోయాయి, పెద్ద ముక్కల మధ్యభాగం ఇంకా కొరకరగా ఉంది. అడుగు చేదు, పైభాగం తడితడిగా ఉండి జారిపోతోంది. పైగా దుంపలో తీపి కూడా పెద్దగా తెలియలేదు. వేడి తగ్గించాలా, సమయం పెంచాలా?

సన్నసెగ

వేడి, సమయం రెండూ తర్వాతి సంగతి. ముందు మార్చాల్సింది వరుస. తేనె మొదట్లో వేయకూడదు, చివరి 5-6 నిమిషాల్లోనే వేయాలి. మీకు వచ్చిన ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క మార్పుతో పోతాయి.

ఎందుకంటే తేనెలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే చక్కెర ఫ్రక్టోజ్. మిగతా చక్కెరలకంటే అదే ముందు రంగు మారుతుంది, 110 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. మామూలు పంచదార అయితే 160 దాటాలి. ముక్క మీద అంటుకుని ఉన్న తేనెకు ప్రమాదం తక్కువ. దుంపలోంచి నీరు ఆవిరిగా వస్తున్నంతసేపూ ముక్క పైభాగం 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. ముక్క మీంచి జారి ట్రే మీదకి చేరిన తేనెకు ఆ అడ్డు లేదు. దాంట్లో ఉన్న కాస్త నీరూ నిమిషాల్లో ఇగిరిపోయి ట్రే వేడినంతా పట్టుకుంటుంది. మీ పొగ, చేదు అక్కడివే.

లోపల పచ్చిగా ఉండటానికి కారణం ముక్క సైజు. 4 సెం.మీ. ముక్కకు నడిమధ్యన వేడి చేరాలంటే 2.5 సెం.మీ. ముక్కకు పట్టే సమయానికి రెట్టింపు పైనే కావాలి. ఆ సైజులో పైభాగం, మధ్యభాగం ఒకేసారి సిద్ధం కావడం కష్టం. అన్నీ 2.5 సెం.మీ. ఉండేలా కోయండి. దుంప నడుము లావుగా, కొసలు సన్నగా ఉంటుంది కాబట్టి ముందు అడ్డంగా చక్రాలు కోసి, లావు చక్రాలను నాలుగో ఆరో ముక్కలు, సన్న చక్రాలను రెండు ముక్కలు చేస్తే సైజు దగ్గరదగ్గరగా వస్తుంది. కొసల్లో పీచు ఎక్కువ. ఒక సెంటీమీటరు తీసేయడమే మంచిది.

పైభాగం తడిగా ఉండటానికి కారణం ట్రే. 2.5 సెం.మీ. ముక్క ఒకటి సుమారు 16 గ్రాములు ఉంటుంది, అంటే కిలోకి అరవై ముక్కల పైన. ముక్కకీ ముక్కకీ మధ్య ఒక సెంటీమీటరు వదిలినా 750 చదరపు సెంటీమీటర్ల జాగా కావాలి. మీ ట్రేలో ఉన్నది 560. అంటే ముక్కల మధ్య ఆవిరి పోయే జాగా చాలదు, ఒకదాని ఆవిరికి మరొకటి ఉడుకుతుంది. 40 × 30 ట్రే కావాలి, లేదా రెండు ట్రేలు వాడి సగంలో పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చాలి. అదీ కుదరకపోతే అరకిలోనే చేయండి. కిలో కుక్కి పాడుచేసుకోవడం కంటే అది నయం.

నిమ్మరసం కూడా మొదట్లో వద్దు. ముక్కను పట్టి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే త్వరగా కరగదు. మీ విషయంలో అసలు కారణం అది కాదు, ఎందుకంటే పులుపు పై పొర దాటి లోపలికి వెళ్లదు. అయినా ఆ పై పొర తోలులా సాగడానికి అదే కారణం.

ఇక తీపి. చాలామంది పట్టించుకోని విషయం ఇదే. చిలగడదుంప పచ్చిగా ఉన్నప్పుడు అంత తియ్యగా ఉండదు. దానిలో బీటా-అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పిండిపదార్థం వేడికి ఉబ్బి మెత్తబడ్డాక ఈ ఎంజైము దాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. పిండి మెత్తబడటం 60 డిగ్రీలు దాటాక మొదలవుతుంది, ఎంజైము 80 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది. ఈ రెండింటి మధ్య ముక్క ఎంతసేపు ఉంటే అంత తీపి. బాగా కాగిన ఓవెన్‌లోకి నేరుగా పెడితే ముక్క ఈ మధ్య దశను గబగబా దాటేస్తుంది. మైక్రోవేవ్‌లో ఉడికించిన దుంప చప్పగా ఉండటానికీ ఇదే కారణం.

అందుకని రెండు దశల్లో చేయండి. కిలో ముక్కలకు నూనె 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు ముప్పావు టీ స్పూను మాత్రమే పట్టించి, ట్రేలో పరిచి, పైన ఫాయిల్ బిగించి, చల్లటి ఓవెన్‌లోనే పెట్టి 150 డిగ్రీలకు తిప్పండి. అలా 25 నిమిషాలు. అప్పటికి ముక్క చాకు మొనకు కొద్దిగా అడ్డుపడుతూ దిగాలి. పూర్తిగా మెత్తబడితే ఎక్కువైనట్టే. ఫాయిల్ తీసేటప్పుడు ఆవిరి ముఖానికి కొడుతుంది, అవతలి అంచు నుంచి తెరవండి. తర్వాత వేడి 220కి పెంచి, ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 200కి, 18-20 నిమిషాలు కాల్చండి. మొదటి ఆరేడు నిమిషాలు పైతడి ఆరడానికే సరిపోతాయి, రంగు రాలేదని కంగారు పడొద్దు. 12వ నిమిషంలో ఒకసారి తిప్పాలి. ముక్క ట్రేను వదలకుండా పట్టుకుని ఉంటే ఇంకా అడుగు ఎర్రబడలేదని అర్థం. బలవంతంగా పీకకుండా రెండు నిమిషాలు ఆగితే అదే వదులుతుంది.

రంగు వచ్చాక గ్లేజ్.

తీగపాకం

పైన చెప్పింది సరిగ్గా ఉంది. గ్లేజ్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మాడకపోయినా గ్లేజ్ చెడే దారులు ఇంకా నాలుగైదు ఉన్నాయి.

కిలో దుంపలకు: వెన్న 20 గ్రాములు, తేనె 3 టేబుల్ స్పూన్లు (60 గ్రాముల పైచిలుకు), కారం 1 టీ స్పూను, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి 1 టీ స్పూను, తురిమిన వెల్లుల్లి 2 రెబ్బలు, ఉప్పు పావు టీ స్పూను, నిమ్మరసం 1 టేబుల్ స్పూను. మీ 4 టేబుల్ స్పూన్ల తేనె కాస్త ఎక్కువ. ముక్కకు పట్టగా మిగిలిందంతా ట్రేలోకే పోతుంది.

వెన్న సన్న సెగ మీద కరిగించి, వెల్లుల్లి వేసి అర నిమిషం, పచ్చి వాసన పోయేదాకా మాత్రమే వేయించాలి. పొయ్యి కట్టేసి అప్పుడు కారం, దంచిన మిర్చి వేయాలి. ఆ మిగిలిన వేడికే పది, పదిహేను సెకన్లలో రంగూ ఘాటూ వెన్నలోకి దిగుతాయి. మిర్చి ఘాటు, ఎరుపు రెండూ నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. తేనెలో నేరుగా కలిపిన కారం పొడిపొడిగా ఉండి నోటికి గరగరగా తగలడం అందుకే. పొయ్యి మీద మంట ఉండగా కారం వేస్తే ఇంట్లో అందరికీ దగ్గు, గ్లేజ్‌లో చేదు.

ఇప్పుడు తేనె, ఉప్పు, సగం నిమ్మరసం వేసి మళ్లీ సన్న సెగ మీద 2 నిమిషాలు. అంచుల్లో చిన్న బుడగలు వచ్చి, అవి నెమ్మదిగా పగులుతుంటే దించేయండి. చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి వంచితే నీళ్లలా పరుగెత్తకూడదు, అక్కడే బిగుసుకుపోకూడదు, బద్ధకంగా కదలాలి. వేళ్ల మధ్య చూస్తే లేతపాకం దాటి తీగ మొదలయ్యే దశ అది. ముదిరిపోతే కంగారేం లేదు, టీ స్పూను వేడి నీళ్లు పోసి కలిపితే మళ్లీ వదులవుతుంది.

పట్టించే పద్ధతే అన్నిటికంటే ముఖ్యం. ట్రేలో ఉన్న ముక్కల మీద గ్లేజ్ పోయకండి. కాల్చిన ముక్కలను వెడల్పాటి గిన్నెలోకి తీసి, వేడిగా ఉండగానే గ్లేజ్‌లో మూడొంతులు పోసి, గరిటెతో పొడవకుండా గిన్నెనే పట్టుకుని ఎగరేస్తూ కలపండి. తర్వాత పటకారుతో ఒక్కో ముక్కనూ ఎత్తి ట్రేలో పెట్టాలి. గిన్నెలో మిగిలిన పాకం గిన్నెలోనే ఉండాలి. అప్పుడు ట్రే మీద మాడడానికి ఏమీ ఉండదు. 200 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. మూడో నిమిషం నుంచి ఓవెన్ దగ్గరే నిలబడండి. గ్లేజ్ ముక్క మీద బుడగలు కట్టి, మెరుస్తూ, అంచుల్లో కాస్త ముదురు రంగు తిరగ్గానే తీసేయాలి. బయటికి వచ్చాక గిన్నెలో ఉన్నది, దాచిన నాలుగో వంతు, మిగిలిన నిమ్మరసం పైన పోసి కలపండి. కాలిన గ్లేజ్‌కి లోతైన రుచి ఉంటుంది, కాలని గ్లేజ్‌కి నిమ్మ, వెల్లుల్లి వాసన బతికి ఉంటుంది. రెండూ కావాలి.

తేనె బదులు బెల్లం వాడొచ్చు, నాకైతే దాని రుచే చిలగడదుంపకు ఎక్కువ నప్పుతుంది. 60 గ్రాముల బెల్లం తురుముకు ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి కరిగించి వడకట్టండి, లేకపోతే ఇసుక పళ్లకింద పడుతుంది. మిగతాది పైన చెప్పినట్టే, కానీ పాకం తీగ వచ్చేదాకా ఉంచాలి. బెల్లంలోనూ పంచదారలోనూ ఎక్కువగా ఉండేది సుక్రోజ్. చల్లారాక అది మళ్లీ పలుకు కట్టి గ్లేజ్‌ను తెల్లగా గరుగ్గా చేస్తుంది. పాకం మరిగేటప్పుడే కాస్త నిమ్మరసం పడితే సుక్రోజ్ కొంత విడిపోయి పలుకు కట్టడం ఆగుతుంది. తేనెతో ఆ బాధ చాలా తక్కువ. మేపుల్ సిరప్ అయితే దానిలో మూడో వంతు నీరే కాబట్టి ఇంకో రెండు మూడు నిమిషాలు ఎక్కువ మరిగించాలి.

రుచి చూసేటప్పుడు గ్లేజ్‌ను స్పూనుతో నాకి నిర్ణయించొద్దు. దుంపలోని పిండి కారాన్నీ ఉప్పునూ పులుపునూ అణిచేస్తుంది. ఒక ముక్కను ముంచి తిని చూడండి. స్పూనులో కాస్త ఘాటుగా అనిపించేదే ముక్క మీద సరిగ్గా ఉంటుంది.

ఒక జాగ్రత్త: తేనె వేసింది ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదు. వేడి చేసినా సరే.

వేడిట్రే

చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. మూడు సందేహాలు మిగిలాయి.

ఒకటి, ఫాయిల్ బదులు బటర్ పేపర్ వేయొచ్చా? రెండు, అరకిలో మాత్రమే చేసేటప్పుడు ఎయిర్ ఫ్రయర్‌లో ఇదే లెక్క కుదురుతుందా? మూడు, ముక్కలను ముందు నీళ్లలో ఉడికించి తర్వాత ఓవెన్‌లో పెడితే లోపల పచ్చి ఉండే సమస్యే ఉండదు కదా?

ఉప్పుకారం

మూడోదానికి ముందు జవాబు: ఉడికించొచ్చు, నేను దానికి వ్యతిరేకం కాదు. చల్లటి ఉప్పునీళ్లలో ముక్కలు వేసి, నీళ్లు మరగడం మొదలయ్యాక 4 నిమిషాలు, వడకట్టి, జల్లెడలోనే 10 నిమిషాలు ఆవిరి పోనిచ్చి, అప్పుడు నూనె పట్టించి 220 దగ్గర 25 నిమిషాలు. జల్లెడను రెండుసార్లు గట్టిగా కుదిపితే అంచులు గరుకెక్కి, ఆ గరుకే ఓవెన్‌లో కరకరలాడుతుంది. చల్లటి నీళ్లతో మొదలుపెట్టడం వల్ల సన్నసెగ గారు చెప్పిన 60-80 డిగ్రీల మధ్య దశ కూడా కొంత దొరుకుతుంది. మరిగే నీళ్లలో వేస్తే అది పోతుంది.

బటర్ పేపర్ విషయంలో పేరు చూసి మోసపోవద్దు. ఆ పేరుతో అమ్మేవాటిలో కొన్ని బేకింగ్ పేపర్లే, ఇంకొన్నిటికి మైనపు పూత ఉంటుంది. మైనం కరిగి పొగ వస్తుంది. పెట్టె మీద ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో రాసి ఉంటుంది. 220 అని ఉంటేనే వాడండి. సరైన బేకింగ్ పేపర్ అయితే ఫాయిల్ కంటే మేలు, గ్లేజ్ అంటుకోదు, పైగా ఉప్పూ పులుపూ ఉన్న గ్లేజ్ అల్యూమినియంకు తగలదు. అడుగు బాగా ఎర్రబడాలంటే మాత్రం మొదటి దశల్లో ఏమీ పరచకుండా నూనె రాసిన ట్రే మీదే కాల్చి, గ్లేజ్ వేసిన చివరి 5 నిమిషాలకే పేపర్ పరచండి. సిలికాన్ మ్యాట్ వద్దు, అది ట్రే వేడిని ముక్కకు అందనివ్వదు.

ఎయిర్ ఫ్రయర్‌లో లెక్క మారుతుంది. గాలి వేగం ఎక్కువ కాబట్టి పైభాగం త్వరగా ఎండుతుంది. ముక్క 2 సెం.మీ. చాలు. అరకిలోకి నూనె 1 టేబుల్ స్పూను. 160 దగ్గర 8 నిమిషాలు, బుట్ట కుదిపి 190 దగ్గర 8 నుంచి 10 నిమిషాలు. బుట్టలో పేపర్ పరచొద్దు, అడుగు రంధ్రాలు మూసుకుపోతే గాలి తిరగదు. ఖాళీ బుట్టలో పేపర్ వేసి వేడి చేయడం అసలే వద్దు, అది ఎగిరి హీటర్‌కు తగలొచ్చు. గ్లేజ్ పట్టించడం బయట గిన్నెలోనే. మళ్లీ బుట్టలోకి వేశాక 180 దగ్గర 2 నిమిషాలు, అంతకు మించి ఒక్క నిమిషం కూడా వద్దు. అడుగున కారిన పాకం పొగబెట్టకుండా కింది పళ్లెంలో రెండు స్పూన్ల నీళ్లు పోసి ఉంచితే మంచిది, మీ యంత్రం సూచనలు దానికి ఒప్పుకుంటేనే.

ఓవెన్, ఎయిర్ ఫ్రయర్ రెండూ లేనివాళ్లకు: మందపాటి అడుగున్న మూకుడులో అరకిలో ముక్కలు, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనె, మూతపెట్టి సన్న సెగ మీద 10 నిమిషాలు మగ్గనివ్వాలి. మూత తీసినప్పుడల్లా దాని లోపలి నీటిని గుడ్డతో తుడవండి, ఆ నీరే ముక్కలను చెమ్మగా చేస్తుంది. తర్వాత మూత తీసి మధ్య మంట మీద 6-8 నిమిషాలు, రెండు నిమిషాలకోసారి మాత్రమే కదపాలి. అస్తమానం కలిపితే రంగు రాదు, ముక్క విరుగుతుంది. చివర మంట తగ్గించి గ్లేజ్ పోసి ఒక నిమిషం. నిజం చెప్పాలంటే తీపి ఇందులోనూ బాగా వస్తుంది, ఎందుకంటే వేడి నెమ్మదిగా ఎక్కుతుంది.

సన్నసెగ

ఉప్పుకారం గారితో ఒక్కచోట విభేదిస్తాను. నీళ్లలో ఉడికిస్తే దుంపలోని చక్కెర కొంత ఆ నీళ్లతోనే పోతుంది, నారింజ రంగు రకం అయితే 4 నిమిషాలకే అంచులు కరిగి జారతాయి. తెల్ల గుజ్జు రకానికి అది పనికొస్తుంది. నారింజ రకానికి ఫాయిల్ కింద మగ్గించడమే నా సలహా.

గరుకు అంచు కావాలంటే దానికి వేరే దారి ఉంది. ఫాయిల్ తీశాక, వేడి పెంచే ముందు, కిలో ముక్కలకు 1 టేబుల్ స్పూను కార్న్‌ఫ్లోర్ జల్లెడతో చల్లి ఒకసారి కుదపండి. పైతడిని అది పీల్చుకుని పలుచని పొర కడుతుంది, గ్లేజ్ కూడా దాన్ని పట్టుకుని జారకుండా ఉంటుంది. ఎక్కువ వేస్తే పిండి రుచి వస్తుంది, తెల్లటి మచ్చలు కనబడతాయి. పొడి ముక్కలకు ముందే పట్టిస్తే ఫాయిల్ కింద ఆవిరికి జిగురై కూర్చుంటుంది. తడి ఉన్నప్పుడు, మూత తీశాక, అదీ తగుపాటి.

ఉప్పుకారం

ఒప్పుకుంటున్నాను. పైన రాసిన 4 నిమిషాలు తెల్ల రకానికే అని చదువుకోండి. నారింజ రకానికి నీళ్లు వద్దు.

దుంపతోట

అందరూ పొయ్యి గురించే రాశారు. దుంప ఎలాంటిదన్నది చూడకుండా సమయం చెప్పలేం.

గుజ్జు నారింజ రంగులో ఉండే రకంలో నీరు, చక్కెర ఎక్కువ. త్వరగా మెత్తబడుతుంది, త్వరగా రంగు మారుతుంది. తెల్లటి లేదా లేత పసుపు గుజ్జు రకంలో పిండి ఎక్కువ, కాలిస్తే పొడిపొడిగా గట్టిగా ఉంటుంది, దానికి 5 నుంచి 8 నిమిషాలు ఎక్కువ, నూనె ఇంకో అర టేబుల్ స్పూను కావాలి. ఊదా గుజ్జు రకం వీటన్నిటికంటే చిక్కన. పై తొక్క రంగును బట్టి లోపలి రంగు చెప్పలేం, ఎర్ర తొక్క కింద తెల్ల గుజ్జు ఉండటం మామూలే. కొస కోసి చూడటం ఒక్కటే దారి. రెండు రకాలను ఒకే ట్రేలో కలపకండి, ఒకటి ముద్దయ్యేసరికి ఇంకొకటి పచ్చిగా ఉంటుంది.

ఊదా రకానికి ఇంకో మాట. దాని రంగు పులుపుకు ఎర్రబడుతుంది, క్షారానికి నీలం, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. నిమ్మ ఉన్న గ్లేజ్‌తో ముక్క అంచులు గులాబీ రంగు తిరగడం చూసి పాడైందనుకోవద్దు. అంచులు గరుకెక్కాలని ఉడికే నీళ్లలో వంటసోడా వేసే పద్ధతి మాత్రం దీనికి పనికిరాదు.

మీ మొదటి ప్రశ్నలో పెద్ద ముక్కల మధ్యభాగం 40 నిమిషాలు కాల్చినా కొరకరగా ఉందన్నారు. సైజు ఒక కారణం, సరే. ఆ దుంపలను ఫ్రిజ్‌లో పెట్టారా? చిలగడదుంప వేడి నేలల పంట, 10-12 డిగ్రీల కంటే చల్లగా కొన్ని రోజులు ఉంటే లోపలి కణాలు దెబ్బతింటాయి. అప్పుడు మధ్యలో ఒక గట్టి గుండు ఏర్పడి ఎంత ఉడికించినా మెత్తబడదు. పచ్చిగా ఉన్నప్పుడు పైకి ఏమీ కనబడదు, అదే ఇబ్బంది. వీటికి సరైన చోటు 13-15 డిగ్రీలు. ఇంట్లో అయితే కడగకుండా, మట్టి దులిపి, గాలి ఆడే బుట్టలో, వెలుతురు తగలని మూల పెట్టండి. పాలిథిన్ సంచిలో పెడితే చెమ్మ పట్టి కుళ్లుతుంది. కోసిన ముక్కలు మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టాలి, నీళ్లలో ముంచి, ఒక రోజుకు మించకుండా. ట్రేలో వేసే ముందు గుడ్డతో బాగా తుడవాలి.

తీపి తక్కువ అనిపించడానికి ఇంకో కారణం దుంప మరీ కొత్తది కావడం. తవ్విన వెంటనే దుంపలో పిండి ఎక్కువ, చక్కెర తక్కువ. సాగుదారులు దాన్ని సుమారు 29 డిగ్రీల వేడిలో, 85-90 శాతం తేమలో 4 నుంచి 7 రోజులు ఉంచుతారు. తవ్వినప్పుడు తగిలిన గాయాల మీద కొత్త తొక్క కడుతుంది, ఆ తర్వాత నిల్వలో తీపి పెరుగుతుంది. తొక్క బొటనవేలితో రుద్దితే ఊడి వస్తోందంటే అది పచ్చి సరుకు. వారం పది రోజులు ఆగి వండండి.

మొలకలు వచ్చినా దుంప గట్టిగా ఉంటే మొలక తుంచేసి వాడొచ్చు. బంగాళాదుంప మొలకలకు ఉండే విషం దీనికి లేదు. కానీ పురుగు తొలిచిన సన్నటి సొరంగాలు, నల్లటి గుంట మచ్చలు, వాటితోపాటు చేదు వాసన ఉంటే దుంప మొత్తం పారేయండి. ఆ దెబ్బ తట్టుకోవడానికి దుంప తనలో చేదు పదార్థాలు తయారుచేసుకుంటుంది, అవి హానికరం, కాల్చినా ఉడికించినా పోవు. మచ్చ దాకా కోసేసి మిగతాది వాడటం చాలదు, ఎందుకంటే బాగున్నట్టు కనిపించే భాగంలోనూ అవి ఉంటాయి. మీ అడుగు చేదు తేనె మాడినందువల్లే అయ్యుండొచ్చు, కానీ గ్లేజ్ తగలని ముక్క లోపల కూడా చేదు ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

తొక్క తినొచ్చు, బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు. గ్లేజ్ మాత్రం తొక్క మీద నిలవదు. ఈ వంటకం వరకు తీసేయడమే సరి.

వేడిట్రే

అవును, దుంపలు వారం రోజులు ఫ్రిజ్‌లో కింది అరలోనే ఉన్నాయి. ఈసారి బయట ఉంచినవి తెస్తాను.

చివరి ప్రశ్న: భోజనానికి రెండు గంటల ముందే చేసి పెట్టుకుంటే గ్లేజ్ మెరుపు నిలుస్తుందా? అలాగే, మాడిన పాత ట్రేను ఎలా శుభ్రం చేయాలి?

తీగపాకం

నిలవదు. తేనె గాలిలోని తేమను లాక్కుంటుంది, లోపలి నుంచి ముక్క ఆవిరీ వస్తూ ఉంటుంది. అరగంటకల్లా గ్లేజ్ చెమర్చి పళ్లెం అడుగుకు చేరుతుంది. మూతపెడితే ఇంకా త్వరగా. ముందే చేయాలంటే రంగు వచ్చేదాకా కాల్చి, గ్లేజ్ లేకుండా ట్రేలోనే పరిచి చల్లారనివ్వండి. గ్లేజ్ వేరే గిన్నెలో ఉంచండి. వడ్డించే పావుగంట ముందు ముక్కలను 200 దగ్గర 6 నిమిషాలు వేడి చేసి, గ్లేజ్‌ను గోరువెచ్చగా చేసి పట్టించి, మళ్లీ 5 నిమిషాలు. తేడా ఎవరూ పట్టలేరు.

నువ్వులు చల్లాలనుకుంటే వేయించినవి, ఓవెన్ నుంచి తీశాకే చల్లండి. గ్లేజ్‌తోపాటు లోపలికి వెళ్తే మాడతాయి.

మిగిలిపోయినవి మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో 3 రోజులు ఉంటాయి. మళ్లీ వేడి చేయడం 180 దగ్గర 8-10 నిమిషాలు, లేదా పెనం మీద. మైక్రోవేవ్‌లో గ్లేజ్ నీరుగారిపోతుంది. వెల్లుల్లి వేసిన గ్లేజ్ మిగిలితే అది కూడా ఫ్రిజ్‌లోనే, బయట సీసాలో నిల్వ పెట్టకండి.

ట్రే మీద మాడినది చక్కెర కాబట్టి గీకడం కంటే నానబెట్టడమే పని చేస్తుంది. మరిగే నీళ్లు ట్రే అడుగు మునిగేదాకా పోసి అరగంట వదిలేయండి. పైపొర కరిగాక చెక్క గరిటెతో తోస్తే పెంకుల్లా వస్తుంది. ఇంకా పట్టుకుని ఉంటే ఒక టేబుల్ స్పూను వంటసోడా వేసి పొయ్యి మీద 5 నిమిషాలు మరిగించొచ్చు, అల్యూమినియం ట్రే అయితే మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. నాన్‌స్టిక్ ట్రేకు ఇనుప పీచు తగలనివ్వకండి. ఒకసారి గీత పడితే తర్వాతి గ్లేజ్ అక్కడే పట్టుకుంటుంది.